వారమంతా కొట్టంలో, శనివారం రోడ్డు మీద

ఇంగ్లండ్‌లో లీడ్స్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇస్తున్నాను. పేర్లు తీసేశాను.

ఆమెకి 38 ఏళ్ళు, సొంతూరు గుంటూరు వైపు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, భర్త, పదేళ్ళ కూతురు. కూతుర్ని గుర్రపు స్వారీ క్లాసులకి తిప్పుతూ, గంటసేపు కార్లో కూర్చునే బదులు తనూ నేర్చుకుందామని మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి కూతురు మానేసి స్విమ్మింగ్‌లో చేరింది, తల్లి మాత్రం మానలేదు. మొన్న ఏప్రిల్ నుంచి దగ్గర్లోని లివరీ యార్డులో, అంటే నెలకింత అని తీసుకుని జనం గుర్రాలను ఉంచుకోనిచ్చే చోట, ఒకావిడ గుర్రాన్ని షేర్‌కి తీసుకున్నారు. నెలకి 120 పౌండ్లు ఇస్తారు, శని ఆదివారాలు గుర్రం ఈమెది. ఆ రెండు రోజులు పేడ ఎత్తడం, గడ్డి వెయ్యడం కూడా ఈమెదే. మిగతా రోజుల్లో యజమానురాలు ఎక్కేవారు. కాబ్ రకం గుర్రం, 14 ఏళ్ళవాడు, నలుపు తెలుపు మచ్చలు, దిట్టమైన ఒళ్ళు. ఎండాకాలమంతా ఇద్దరూ హ్యాకింగ్‌కి, అంటే ఎరీనాలో (స్వారీ సాధన చేసే కంచె కట్టిన చోట) గుండ్రాలు తిరగడం కాకుండా పల్లె రోడ్ల మీదా పొలాల గట్ల మీదా షికారుకి, హాయిగా వెళ్ళొచ్చేవాళ్ళు. "ట్రాక్టర్ రాసుకుంటూ పోయినా చెవి కదిపేవాడు కాదు" అని రాశారు.

అక్టోబర్ మొదట్లో యజమానురాలు, ఈ చలికాలం తను కూడా గట్టిగా సాధన చేద్దామని, గుర్రానికి కాళ్ళ మీదా జీను కిందా వదిలేసి మిగతా బొచ్చంతా క్లిప్ చేయించారు, అంటే పొట్టిగా కత్తిరింపించారు, దాణా పెంచారు. ఆ వెంటనే ఆవిడకి ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న మోకాలి ఆపరేషన్‌కి తేదీ వచ్చింది. ఇక మార్చి దాకా ఎక్కడానికి లేదు. ఆపైన వానలకి పొలం బురదైపోయిందని యార్డువాళ్ళు గుర్రాలను బయటికి వదిలే సమయాన్ని రోజుకి రెండు గంటలకి కుదించారు.

నవంబర్ మధ్యలో ఒక శనివారం పొద్దున్న, చెట్ల తోపు పక్కన సందు రోడ్డులో వెళుతుంటే తుపాకుల మోత వినబడింది. సరిగ్గా అప్పుడే ఒక ఇంటి ముందు చెత్త డబ్బా మూత గాలికి లేచి టపీమని పడింది. గుర్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి వెనక్కాళ్ళు ఎగరేసింది, ఈమె తారు మీద పడ్డారు. తుంటి కమిలిపోయింది, హెల్మెట్‌కి సన్నగా గీత పడింది. ఇంట్లో మాత్రం "యార్డులో బురదకి జారాను" అని చెప్పారు. కొన్ని రోజుల తర్వాత భర్త కారు డిక్కీలో ఏదో వెతుకుతూ హెల్మెట్ చూశారు. అప్పటి నుంచీ ఇంట్లో ముభావం. "నీకేమైనా అయితే పిల్లనెవరు చూస్తారు, ఇక్కడ మనకెవరున్నారు" అన్నది ఆయన మాట. అత్తగారు వీడియో కాల్‌లో "ఆడదానికి గుర్రాలేంటమ్మా" అన్నారు. యజమానురాలేమో "వాడు ఎప్పుడూ అలా చెయ్యడు, నీ భయమే వాడికి అంటుతోంది, వెంటనే మళ్ళీ ఎక్కి బయటికి తీసుకెళ్ళు" అంటున్నారు. మరుసటి శనివారం ఎక్కారు కూడా, చేతులు వణుకుతుంటే పావుగంటలో దిగిపోయారు.

ఆమె అడిగినవి ఇవి: నేను పిరికిదాన్నా? మొత్తానికే మానెయ్యాలా, ఎండలు వచ్చేదాకా ఆపాలా, పళ్ళ బిగువున ఎక్కాలా? నేను మానేస్తే పాపం వాడినెవరు చూస్తారు? చివర్లో, యార్డులో ఒకరు గుర్రాన్ని శాంతపరిచే పొడి ఏదో వెయ్యమన్నారట, వెయ్యొచ్చా?

ఇక నా సమాధానం.

ముందు ఆ హెల్మెట్ సంగతి. మరుసటి వారం ఎక్కానన్నారు, ఏది పెట్టుకుని ఎక్కారో రాయలేదు. అదే అయితే దయచేసి ఇవాళే పారేయండి. లోపలి ఫోమ్ ఒకసారి నలిగి దెబ్బని మింగేశాక రెండో దెబ్బకి అందులో ఇక ఏమీ మిగలదు, పైకి ఎంత బాగా కనిపించినా సరే. కొత్తది కొనేటప్పుడు లోపలి స్టిక్కర్ మీద పీఏఎస్ 015 అనో వీజీ1 అనో (ఇవి భద్రతా ప్రమాణాల గుర్తులు) ఉందా చూసుకోండి, ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించుకోకుండా దుకాణానికి వెళ్ళి తలకి సరిపెట్టించుకోండి. ఇంకో మాట, హెల్మెట్‌కి గీత పడిందంటే దెబ్బ తలకి తగిలినట్టే. మీరు తుంటి గురించి రెండు పేరాలు రాసి తల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు నుంచి తలనొప్పి, మగతగా ఉండటం, స్క్రీన్ చూస్తే చిరాకు, నిద్ర సరిగా పట్టకపోవడం లాంటివి ఏమైనా ఉంటే రేపటిదాకా ఆగకుండా అక్కడి వైద్య సలహా నంబర్ 111కి ఫోన్ చెయ్యండి. బ్రిటన్‌లో 2023లో సాధారణ ఆటగాళ్ళ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆట అక్కడికక్కడ ఆపాలి, 24 గంటల్లోపు వైద్యుల సలహా తీసుకోవాలి, పోటీలకైతే కనీసం 21 రోజుల దాకా వెళ్ళకూడదు అనే ఉంది. "వెంటనే మళ్ళీ ఎక్కు" అన్న యజమానురాలి మాట పాతకాలపు మాట. చాలామంది గుర్రాలవాళ్ళు ఇప్పటికీ అంటారు, ధైర్యం చెప్పడానికే అంటారు, కానీ తలకి దెబ్బ తగిలిన మనిషికి చెప్పాల్సిన మాట అది కాదు.

ఇక గుర్రం. మీ ఉత్తరంలో వేర్వేరు చోట్ల రాసిన మూడు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి: బొచ్చు క్లిప్ చేయించారు, దాణా పెంచారు, రోజుకి 22 గంటలు కొట్టంలో ఉంటున్నాడు. చలికాలంలో క్లిప్ చేసేదే పని చేసే గుర్రానికి. దట్టంగా బొచ్చు పెరిగినవాడు పరిగెత్తితే చెమట పట్టి, ఆ తడి గంటల తరబడి ఆరక ఒళ్ళు చల్లబడిపోతుంది కాబట్టి తీయిస్తారు. దాణా పెంచేదీ పనికే. అంటే ఆవిడ వారానికి ఐదారు రోజులు పని చెయ్యబోయే గుర్రాన్ని తయారుచేసిపెట్టారు, పని మాత్రం ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్ళిపోయింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మనకో సామెత ఉంది కదా, ఇక్కడ ఒట్టినే నిలబడినా దాణా తగ్గలేదు. మీరేమో శనివారం పొద్దున్నే, బొచ్చు లేని వెన్ను మీద చలిగాలి కొడుతుండగా, జీను కట్టి నేరుగా రోడ్డెక్కారు. ఐదు రోజులు ముసురు పట్టి ఇంట్లోనే ఉండిపోయిన పిల్లాడు తెరిపివ్వగానే వీధిలోకి ఎలా దూకుతాడో వీడూ అలాగే దూకాడు, కాకపోతే ఈ పిల్లాడి బరువు 500 కిలోలు. ఎండాకాలంలో మీరు ఎక్కింది ఆవిడ ఐదు రోజులు తిప్పి అలవాటు చేసిన గుర్రాన్ని. ఇప్పుడు ఆ ఐదు రోజులు లేవు. మీ స్వారీ చెడిపోలేదు, వాడి బుద్ధీ చెడిపోలేదు. మీరు పిరికివాళ్ళో కాదో తేల్చడానికి ఇందులో నాకు ఆధారమేమీ కనబడలేదు. పడ్డాక చేతులు వణికితే దాన్ని పిరికితనం అనరు.

అయితే ఇంకో అవకాశం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. నొప్పి ఉన్నా గుర్రం వెనక్కాళ్ళు ఎగరేస్తుంది. కొన్ని వారాలు పని లేకపోతే వెన్ను పక్కన కండ తగ్గుతుంది, ఎక్కువ తిండితో మరోచోట కొవ్వు చేరుతుంది, ఏప్రిల్‌లో అచ్చుగుద్దినట్టు సరిపోయిన జీను నవంబర్‌కి భుజం దగ్గర నొక్కవచ్చు. ఒక చిన్న పరీక్ష మీరే చెయ్యొచ్చు. కొట్టంలో కట్టేసి, జీను లేకుండా, మెడ అయిపోయే చోటు నుంచి నడుము దాకా వెన్నెముకకి నాలుగు వేళ్ళ దూరంలో అరచేతితో ఒకే రకం ఒత్తిడితో మెల్లగా నిమురుతూ రండి. ఏదో ఒక చోట కండ బిగుసుకుపోయినా, వాడు వెన్ను కిందికి వంచేసినా, చెవులు వెనక్కి పెట్టి మీ వైపు తిరిగినా ఆ చోటు గుర్తుపెట్టుకుని యజమానురాలికి చెప్పండి. రెండో వైపూ అలాగే చెయ్యండి, తేడా తెలుస్తుంది. జీను సరిచూసేవాళ్ళనీ, అవసరమైతే పశువుల డాక్టరు వెట్‌నీ పిలిపించాల్సింది ఆవిడే, ఖర్చు కూడా ఆవిడదే. ఇది తేలేదాకా మాత్రం ఎక్కకండి.

వారాంతం స్వారీ చేసేవాళ్ళందరూ తెలుసుకోవాల్సిన ప్రమాదం ఒకటుంది. బళ్ళు లాగే గుర్రాల కాలంలో ఆదివారం సెలవిచ్చి, దాణా మాత్రం పూర్తిగా పెట్టి, సోమవారం పొద్దున్న బండికి కడితే కాసేపటికే కొన్ని గుర్రాలు కదల్లేక నిలబడిపోయేవి. అందుకే దాన్ని సోమవారం జబ్బు అనేవాళ్ళు, ఇప్పుడు టైయింగ్ అప్ అంటున్నారు. పిరుదుల కండలు చెక్కలా బిగుసుకుపోతాయి, వెనక అడుగులు చిన్నవైపోతాయి, పని లేకుండానే చెమటలు పడతాయి, మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తుంది. మీ వాడికి సోమవారం బదులు శనివారం. ఎప్పుడైనా అలా కనబడితే నడిపించి సరిచేద్దామని చూడకండి, నడిపిస్తే కండ ఇంకా దెబ్బతింటుంది. దిగి, అక్కడే నిలబెట్టి, నడుము మీద మీ జాకెట్ అయినా కప్పి వెట్‌కి ఫోన్ చెయ్యండి. దాణా ఎందుకు తగ్గించాలో యజమానురాలికి చెప్పాల్సి వస్తే ఈ ఒక్క కారణం చాలు. చలికి వాడికి వెచ్చదనం కావాలంటే దాణా కంటే గడ్డే నయం, ఎండుగడ్డి పేగుల్లో పులిసేటప్పుడు పుట్టే వేడే వాడికి లోపలి కుంపటి. ఆ బరువున్న గుర్రానికి రోజుకి 10 కిలోల దాకా గడ్డి పడుతుంది. కంటి అంచనా వద్దు, కొక్కెం తక్కెడతో తూచండి. నీళ్ళ బకెట్ కూడా చూస్తుండండి, చలికి నీళ్ళు తక్కువ తాగి, ఎండుగడ్డి మీదే బతికే గుర్రాలకి గడ్డి పేగులో గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది, మార్చి దాకా ఆపెయ్యడం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే చాలామంది చలికాలం తగ్గించేస్తారు. డిసెంబర్‌లో మీ దగ్గర ఎనిమిది దాటాకే తెల్లవారుతుంది, నాలుగు కాకుండానే చీకటి పడుతుంది, మధ్యలో వాన. ఆపితే ఇంట్లో ప్రశాంతత, నెలకి 120 మిగులు. పోయేది షేర్. ఆవిడ మీకోసం నాలుగు నెలలు ఖాళీగా ఉంచకపోవచ్చు, ఇంకొకరికి ఇచ్చేసే హక్కు ఆవిడకుంది. ఇంకొకటి, భయం మీద ఆపితే భయం అలాగే గట్టిపడి కూర్చుంటుంది, మార్చిలో మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. దీనికి మధ్యేమార్గం ఉంది: షేర్ ఆపి, ఆ డబ్బుతో స్వారీ స్కూల్లో వాళ్ళ గుర్రం మీద వారానికో పక్షానికో ఒక పాఠం తీసుకోవడం. రోజూ పని చేసే ముసలి గుర్రం, పక్కన నేర్పే మనిషి, నాలుగు గోడల మధ్య ఎరీనా. వాడి మీద బెంగ ఉంటుంది, నాకు తెలుసు, కానీ మీ చేతులకి వణుకు పోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

రెండోది, షేర్ ఉంచుకుని పద్ధతి మార్చడం. నాకు దీనిమీదే మొగ్గు, అయితే యజమానురాలు ఒప్పుకుంటేనే. వారం మధ్యలో ఆ గుర్రాన్ని ఎవరో ఒకరు కదిలించాలి. యార్డులో డబ్బు తీసుకుని ఎక్కేవాళ్ళు ఉంటారు, లేదా వారం మధ్యకి ఇంకో షేరర్‌ని వెతకొచ్చు, అదీ కాకపోతే లాంజింగ్, అంటే పొడుగు తాడు మీద గుండ్రంగా తిప్పడం, రెండు రోజులకోసారి పావుగంట చేసినా తేడా కనబడుతుంది. రోజుకి రెండు గంటలు మేతకి వదిలేది నాలుగు గంటలు చెయ్యమని యార్డువాళ్ళని అడగొచ్చు, బురద లేని ఇసుక చోటు ఉంటే అందులోనైనా. ఇదంతా ఆవిడ పని, ఆవిడ ఖర్చు. మీకు ఆఫీసులో వీలుంటే బుధవారం మధ్యాహ్నం రెండు గంటలు సర్దుకోవచ్చు గానీ, అది మీరు ఇష్టంగా ఇచ్చేదిగా ఉండాలి, పాపం అని మీద వేసుకునేదిగా కాదు.

అప్పుడు మీ వారాంతం ఇలా ఉంటుంది. శనివారం బయటికి వెళ్ళకండి. కళ్ళెం పట్టుకుని యార్డు చుట్టూ పది పదిహేను నిమిషాలు నడిపించండి, తర్వాత ఎరీనాలో కాసేపు లాంజింగ్, ఆ తర్వాత ఎక్కి ఒక ఇరవై నిమిషాలు. క్యాంటర్ గీంటర్, అంటే పరుగులు, ఏమీ వద్దు. నేల మీద కర్రలు 80, 90 సెంటీమీటర్ల దూరంలో నాలుగు పరిచి నడకలో దాటించండి, నడక నుంచి ఆగడం, ఆగి మళ్ళీ నడవడం, పాము మెలికల్లా వంపులు తిప్పడం. చూడ్డానికి చప్పగా ఉంటుంది. కానీ ఎక్కడ కాలు పెట్టాలా అని ఆలోచిస్తున్న గుర్రానికి చెత్త డబ్బా మూతల గురించి ఆలోచించే తీరిక ఉండదు, చలికాలపు ట్రైనింగ్ అంటే సగం ఇదే. దిగాక చెమట ఆరే రగ్గు కప్పి, చెవుల వెనక చెయ్యి పెట్టి చూడండి, అక్కడ తడి లేదంటేనే మామూలు రగ్గు వెయ్యండి.

హ్యాకింగ్ ఆదివారానికి పెట్టుకోండి. దీనికి రెండు కారణాలు. ముందు రోజు ఒళ్ళు కదిలిన గుర్రం కాబట్టి కాస్త తగ్గి ఉంటాడు. రెండోది, మీరు విన్న తుపాకుల మోత నూటికి తొంభై పాళ్ళు నెమలి జాతి ఫెజెంట్ పిట్టల వేటది అయ్యుంటుంది. ఆ సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా. ఇంగ్లండ్‌లో 1831 నాటి చట్టం ప్రకారం ఆదివారాలూ క్రిస్మస్ రోజూ ఆ వేట చెయ్యకూడదు. శనివారమేమో వాళ్ళకి మంచి గిరాకీ రోజు. మట్టి పళ్ళాలు ఎగరేసి కాల్చే క్లబ్బులకి ఈ నియమం లేదు కాబట్టి ఆ తోపు ఎవరిదో కనుక్కుని వాళ్ళ వేట తేదీలు అడిగితే ఇంకా మంచిది, చాలామంది చెప్తారు.

ఆదివారం కూడా తెల్లారగానే బయల్దేరకండి. చెట్ల నీడ ఉన్న సందుల్లో మంచు మధ్యాహ్నం దాకా కరగదు, నాడాలు కొట్టిన గిట్టలు దాని మీద సర్రున జారతాయి. పదకొండున్నర పన్నెండు మధ్య, నెమ్మదైన ఇంకో గుర్రంతో కలిసి, ఆ గుర్రాన్ని ముందు పెట్టి మీరు వెనక. నడుము మీద కప్పే ఎక్సర్‌సైజ్ షీట్, మెరిసే పసుపుదో నారింజదో, వాడికి చలీ తగలదు, డ్రైవర్లకీ కనబడుతుంది. 2022 జనవరి నుంచి అక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో కార్లు గుర్రాలను దాటేటప్పుడు గంటకి 10 మైళ్ళు మించకుండా కనీసం 2 మీటర్ల దూరం ఇవ్వాలని ఉంది, అందరూ ఇస్తారని కాదు, కింద వాలిన ఎండ కళ్ళలో పడిన డ్రైవర్‌కి మీరు ఆఖరి క్షణం దాకా కనబడకపోవచ్చు. వాడి మెడ గట్టిపడి తల పైకి లేచిందంటే, ఇంకేదో జరిగేదాకా ఎదురుచూడకుండా దిగెయ్యండి. వాడిని మీకు ఎడమ పక్కన ఉంచుకుని, మీరు ట్రాఫిక్ వైపు ఉండి, ఆ ముక్క దాటించి, ఏ గేటో గట్టో చూసుకుని మళ్ళీ ఎక్కండి. దిగడం ఓటమి అనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినకండి. ఎక్కి ఉన్నంతసేపూ ఏదో ఒకటి పైకి అంటూ ఉండండి, కూనిరాగం తియ్యండి, పదమూడో ఎక్కం అప్పజెప్పండి, ఏదైనా సరే. నోరు ఆడుతుంటే ఊపిరి బిగబట్టలేరు, ఊపిరి బిగబట్టకపోతే పగ్గాల మీద చేతులు బిగుసుకోవు. యజమానురాలు "నీ భయం వాడికి అంటుతుంది" అన్నదాంట్లో నిజం ఉన్నంతమేర ఇక్కడే ఉంది.

మూడోది మీరు రాసిన "పళ్ళ బిగువున". ఏమీ మార్చకుండా, శనివారం శనివారం అదే గుర్రం, అదే సందు. దీని గురించి ఎక్కువ చెప్పను. మళ్ళీ పడతారు, ఈసారి చెత్త డబ్బా కూడా అక్కర్లేదు.

యజమానురాలితో ఎలా మాట్లాడాలన్నది మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఉత్తరంలో ఆవిడ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ఆవిడ మంచిదే" అని ఒక ముక్క చేర్చారు. మంచిదే కావచ్చు. నొప్పితో సోఫాలో పడుకుని, గుర్రం గురించి బెంగపడుతూ, మీరొక్కరే దిక్కు అనుకుంటోంది, అందుకే తోస్తోంది. వాట్సాప్‌లో కాకుండా ఇంటికి వెళ్ళి కలవండి, ఆపరేషన్ అయిన మనిషిని చూడ్డానికి వెళ్ళినట్టూ ఉంటుంది. నువ్వు ఎక్కనప్పటి నుంచీ వాడికి పని లేదు, దాణా తగ్గిద్దాం, జీను చూపిద్దాం, వారం మధ్యలో ఎవరినైనా పెడదాం, అది కుదిరేదాకా నేను కింద నుంచే పని చేయిస్తాను, ఎక్కను అని చెప్పండి. ఆవిడ జవాబుని బట్టి మీకు మొదటి దారో రెండో దారో తేలిపోతుంది. అదే కూర్చోవడంలో ఇంకో సంగతి కూడా అడగండి: మీరు ఎక్కి ఉండగా వాడు ఎవరి కారునో గుద్దితే ఎవరి బీమా వర్తిస్తుంది? 1971 నాటి యానిమల్స్ యాక్ట్ కింద జంతువు చేసిన నష్టానికి దాన్ని తన దగ్గర ఉంచుకున్న మనిషి మీదికి కూడా బాధ్యత రావచ్చు, తప్పు లేకపోయినా సరే. ఆవిడ పాలసీలో షేరర్ పేరు లేకపోతే, బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో ఇతరులకి జరిగే నష్టానికి బీమా వస్తుంది, అది తీసుకోండి. మీ ఇద్దరి మధ్య ఒక కాగితం కూడా రాసుకోండి, ఏ రోజులు, ఎవరి ఖర్చు, ఎంత ముందు చెప్పి మానుకోవచ్చు అన్నవి.

మీవారి సంగతి. ఆయన గుర్రం గురించి కోపంగా ఉన్నారని మీరు రాశారు, నాకు అలా అనిపించలేదు. బురదలో జారానన్న అబద్ధం ఆయనకి గుచ్చుకుంది. "ఇక్కడ మనకెవరున్నారు" అన్న మాట తీసిపారేసేది కాదు. ఊళ్ళో అయితే మీరు మంచాన పడితే అమ్మో అక్కో పొద్దున్నకల్లా దిగేవాళ్ళు, అక్కడ స్కూలుకి దింపడం నుంచి వంట దాకా ఆయనొక్కరే. ఆ లెక్క ఆయన వేసుకుని భయపడ్డారు. కాబట్టి ముందు జరిగింది జరిగినట్టు చెప్పండి, తుపాకుల మోత, హెల్మెట్, అన్నీ. పర్మిషన్ అడగమని నేననడం లేదు, మీరేం మార్చబోతున్నారో చెప్పండి. బయటికి వెళ్ళేముందు ఏ దారో చెప్పడం, ఫోన్ జీనుకి కాకుండా ఒంటికి కట్టుకుని లొకేషన్ పంచుకోవడం (గుర్రం పారిపోతే ఫోన్ కూడా దాంతో పోతుంది), ఒంటరిగా వెళ్ళకపోవడం, నాలుగు వారాలు ఉద్యోగానికి వెళ్ళలేకపోతే ఇల్లు ఎలా నడుస్తుందో ఇద్దరూ కూర్చుని చూసుకోవడం. వీలైతే ఒక శనివారం ఆయన్ని యార్డుకి తీసుకెళ్ళండి, మీరు ఎరీనాలో కర్రలు పరుస్తుంటే చూస్తారు. అప్పుడు కూడా వద్దంటే, ఆయన భయానికీ మీ ఇష్టానికీ మధ్య తేల్చుకోవాల్సింది మీరిద్దరే, బయటి మనిషిని నేను అందులో వేలు పెట్టను. అత్తగారి మాటకి జవాబు చెప్పాల్సిన పని లేదు, ఆవిడకి కొడుకు చెప్పుకుంటాడు.

"వాడినెవరు చూస్తారు" అన్నారు. వాడికి యజమాని ఉంది, యార్డు ఉంది. మీరు నెలకి 120 పౌండ్లు ఇచ్చి రెండు రోజులు ఎక్కుతున్న మనిషి, వాడి ఐదు రోజుల బాధ్యత మీ మీదికి ఎప్పుడు ఎలా జరిగిందో మీరే గమనించలేదు. ఎక్కకపోయినా వాడితో ఉండొచ్చు. వెళ్ళి గంటసేపు బ్రష్ చెయ్యండి, కాళ్ళ బురద ఎండనిచ్చి దులపండి (తడి మీద రుద్దితే చర్మం రేగి మడ్ ఫీవర్ అనే చర్మవ్యాధి అంటుకుంటుంది), గట్టు మీద గడ్డి మేపండి. ఊళ్ళో దారి మీద కళ్ళెం పట్టుకుని నడిపించినా వాడికి అది షికారే.

ఇక ఆ పొడి. మెగ్నీషియం లాంటివి కలిపి అమ్మేవి చాలా ఉన్నాయి, పెద్దగా పని చేస్తాయని నాకు నమ్మకం లేదు, హాని కూడా మామూలుగా ఉండదు. కానీ వేరేవాళ్ళ గుర్రానికి వాళ్ళకి చెప్పకుండా ఏదీ తినిపించకూడదు. ఆవిడ సరేనంటే, ముందు దాణా తగ్గించి రెండు వారాలు చూసి, అప్పుడు కూడా కావాలనిపిస్తే వెట్‌ని అడిగి కొనండి. ఆ డబ్బా డబ్బులు ఆవిడ్నే పెట్టుకోమనండి.